అవ్వా, బువ్వా రెండూ కావాలన్నప్పుడు: ఐరోపా ఒప్పందాలను తూచి చూసే పద్ధతి

2016 నవంబరు చివరిలో లండన్‌లోని డౌనింగ్ స్ట్రీట్ నుంచి నడిచి వస్తున్న ఒక పార్లమెంటు సభ్యుని సహాయకురాలి చేతిలో నోట్‌బుక్ తెరిచి ఉండిపోవడంతో, అందులోని చేతిరాత పత్రికా ఫొటోగ్రాఫర్ల కెమెరాలకు చిక్కింది. బ్రెగ్జిట్ (ఐరోపా సమాఖ్య నుంచి బ్రిటన్ వైదొలగడం) తరువాత ఏ నమూనా అన్న ప్రశ్న పక్కనే, కేకును దాచుకోవాలి, తినాలి కూడా అన్న జవాబు రాసి ఉంది. అది తమ విధానం కాదని బ్రిటన్ ప్రభుత్వం చెప్పుకున్నది గాని, కేకు మాట అక్కడితో ఆగలేదు. 2018 సెప్టెంబరులో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ సమావేశంలో ఐరోపా మండలి అధ్యక్షుడు డొనాల్డ్ టస్క్, బ్రిటన్ ప్రధాని థెరిసా మేకు కేకు అందిస్తున్న ఫొటోను ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి, క్షమించండి, చెర్రీలు లేవు అని, అంటే కావలసినవి మాత్రమే ఏరుకోవడం కుదరదని ఎత్తిపొడిచారు.

బ్రిటన్‌ను చూసి నవ్వుకోవడం తేలికే. అయితే ఐరోపా సమాఖ్య (ఈయూ) చుట్టూ ఉన్న దేశాల్లో ఈ కోరిక లేనిది అరుదు. నార్వే, స్విట్జర్లాండ్, టర్కీ ఎవరి పద్ధతిలో వారు ఇదే అడిగారు. సభ్యత్వం ఉన్న డెన్మార్క్ కూడా అడిగింది. వాళ్లలో కొందరికి కొంత దక్కింది కూడా. కాబట్టి 'సభ్యత్వం వద్దు, సౌకర్యాలు చాలు' అని ఒక దేశం ప్రకటించినప్పుడు, అది సాధ్యమా కాదా అని ఒక్క మాటలో తేల్చేయకుండా, ఏది ఎంత ధరకు దొరుకుతున్నదో లెక్క కట్టడం నేర్చుకోవాలి. అంతర్జాతీయ సంబంధాలు చదివే పోటీ పరీక్షల అభ్యర్థులకు, ఐరోపాకు సరుకు పంపే వ్యాపారులకు, ఈ వార్తలు రాసే పాత్రికేయులకు పనికివచ్చేలా ఆ లెక్క కట్టే విధానాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

ముందు 'ప్రయోజనం' అన్న మాటను విడగొట్టండి

రాజకీయ ప్రసంగాల్లో 'ఐరోపా మార్కెట్‌లో ప్రవేశం' అన్న మాట వినిపించిన ప్రతిసారీ, అది ఏ ప్రవేశమో అడగాలి. సుంకం లేకపోవడం ఒకటి, సరిహద్దులో తనిఖీ లేకపోవడం మరొకటి, సేవలు అమ్ముకునే హక్కు ఇంకొకటి, మనుషులు వెళ్లి స్థిరపడి పనిచేసే హక్కు వేరొకటి. సమాఖ్య లోపలివారికి ఇవన్నీ ఒకే మూటగా దొరుకుతాయి కనుక, బయటికి వచ్చేవారు ఆ మూటలో ఏమేమి ఉన్నాయో విప్పి చూసుకోకుండానే మాట్లాడుతుంటారు.

2020 డిసెంబరు 30న సంతకాలు జరిగిన బ్రిటన్-ఈయూ వాణిజ్య, సహకార ఒప్పందం ప్రకారం, మూలం నిబంధనలకు లోబడిన సరుకులకు సుంకం లేదు, పరిమాణంపై పరిమితి కూడా లేదు. వినడానికి ఇది పూర్తి ప్రవేశంలాగే ఉంటుంది. అది అమలులోకి వచ్చిన కొద్ది రోజులకే, ఓడలో బ్రిటన్ నుంచి నెదర్లాండ్స్‌లోని హుక్ ఆఫ్ హాలండ్ రేవులో దిగిన డ్రైవర్ల దగ్గర ఉన్న హామ్ శాండ్‌విచ్‌లను డచ్ కస్టమ్స్ అధికారులు స్వాధీనం చేసుకోవడం టీవీలో ప్రసారమైంది. రొట్టె ఉంచుకుని లోపలి మాంసం ఇచ్చేస్తే సరిపోతుందా అని ఒక డ్రైవరు అడిగితే, అంతా తీసుకోవలసిందేనని అధికారి మర్యాదగానే చెప్పాడు. ఆ శాండ్‌విచ్ మీద సుంకం ఏమీ లేదు. సమాఖ్య బయటి దేశం నుంచి ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు వెంట తేకూడదన్న ఆరోగ్య నిబంధన మాత్రం ఉంది. ఆ నిబంధన అంతకుముందూ ఉన్నదే. అంతకుముందు బ్రిటన్ బయటి దేశం కాదు, అంతే.

'మూలం నిబంధనలకు లోబడిన' అన్న షరతును కూడా చాలామంది దాటవేస్తారు. భారతదేశం నుంచి తెప్పించిన చొక్కాలను లండన్‌లోని గోదాములో దించుకుని, వాటిని మార్చకుండా ఐర్లండ్‌కు పంపితే, అవి బ్రిటన్‌లో తయారైన సరుకు కాదు గనుక, బ్రిటన్‌లో ఒకసారి సుంకం కట్టినా ఐర్లండ్‌లో మళ్లీ కట్టవలసిందే. ఉమ్మడి కస్టమ్స్ వ్యవస్థ లోపల ఉన్నంతకాలం ఈ ప్రశ్నే తలెత్తేది కాదు.

తరువాత మెట్లు చూడండి, కానీ మెట్లనే నమ్మకండి

2017 డిసెంబరులో ఈయూ తరఫు ప్రధాన సంధానకర్త మిషెల్ బార్నియే ఐరోపా నాయకుల ముందు ఒక మెట్ల బొమ్మ పెట్టారు. పై మెట్టు మీద సభ్యత్వం. దాని కింద నార్వే, ఐస్‌లాండ్, లీష్టెన్‌స్టైన్. తరువాత స్విట్జర్లాండ్, దాని కింద ఉక్రెయిన్, టర్కీ. చివరికి కెనడా, దక్షిణ కొరియా. బ్రిటన్ వద్దన్న ప్రతి విషయం, అంటే లక్సెంబర్గ్‌లోని ఐరోపా న్యాయస్థానం అధికారం, మనుషుల స్వేచ్ఛా సంచారం, బడ్జెట్‌కు పెద్ద మొత్తం చెల్లింపు, స్వతంత్ర వాణిజ్య విధానం లేకపోవడం, ఆ దేశాన్ని ఒక్కో మెట్టు కిందికి దింపుకుంటూ కెనడా మెట్టు దగ్గరికి చేర్చింది. వాదోపవాదాలన్నిటినీ ఒక్క కాగితం మీద పెట్టిన బొమ్మ అది.

కొత్త దేశం గురించి చదివేటప్పుడు ఆ దేశం వద్దంటున్న విషయాల జాబితా ముందు రాసుకుని, అవి ఏ మెట్టు దగ్గర ఆపుతాయో చూసుకోవడం మంచి పద్ధతే. అయితే ఆ బొమ్మ బేరంలో ఒక పక్షం గీసినదని మరచిపోకూడదు. సరుకులు, సేవలు, పెట్టుబడి, మనుషులు అనే నాలుగు స్వేచ్ఛలు విడదీయరానివని బ్రస్సెల్స్ (అంటే అక్కడి ఈయూ నాయకత్వం) పదేపదే చెప్పింది గాని, 2016 జనవరి నుంచి తాత్కాలికంగా అమలైన ఉక్రెయిన్ ఒప్పందంలో మనుషుల స్వేచ్ఛా సంచారం లేకుండానే విపణిలో కొంత భాగాన్ని తెరిచింది. బదులుగా ఉక్రెయిన్ తన చట్టాలను ఈయూ చట్టాలకు దగ్గరగా మార్చుకుంటూ రావాలి.

లీష్టెన్‌స్టైన్ కథ ఇంకా ఆసక్తికరమైనది. సుమారు 40,000 జనాభా గల ఈ దేశం నార్వేతో కలిసి ఐరోపా ఆర్థిక ప్రాంతంలో (ఈయూ సభ్యత్వం లేకుండానే దాని ఉమ్మడి విపణిలో పాలుపంచుకునే ఏర్పాటు) పూర్తి సభ్యురాలే అయినా, ఐరోపా పౌరులకు నివాస అనుమతులను ఏటా కొద్దిపాటి సంఖ్యకు పరిమితం చేసుకోగలిగింది. వాటిలో సగం లాటరీ తీసి ఇస్తారు. చోటు లేని చిన్న దేశం కాబట్టి అది ఇతరులకు దృష్టాంతం కాబోదన్న నమ్మకంతో ఆ మినహాయింపు ఇచ్చారు. ఆరుకోట్లకు పైగా జనాభా ఉన్న బ్రిటన్ అదే అడిగితే, మిగతా సభ్య దేశాలన్నీ మాకూ కావాలంటాయి. కాబట్టి మినహాయింపు అడుగుతున్న దేశం ఎంత పెద్దదో, దాన్ని చూసి ఇంకెవరు అడుగుతారో కూడా మీ లెక్కలో ఉండాలి.

డబ్బు కంటే ముందు నియమాలను లెక్కించండి

పత్రికల శీర్షికలు చెల్లింపు చుట్టూ తిరుగుతాయి, ఎందుకంటే డబ్బు అంకెల్లో కనిపిస్తుంది. నా అభిప్రాయంలో అసలు ధర నియమాల దగ్గర ఉంటుంది. ఇవాళ్టి నియమాలను ఒప్పుకోవడం ఒక ఎత్తు, రేపు బ్రస్సెల్స్‌లో మారబోయే నియమాలను కూడా ముందే ఒప్పుకోవడం మరో ఎత్తు. సభ్య దేశం మోసే భారాన్ని బయటి దేశమూ మోస్తుంది, ఓటు మాత్రం ఉండదు.

దీనికి నార్వేను మించిన ఉదాహరణ లేదు. 1972లోనూ 1994లోనూ నార్వే ప్రజలు సభ్యత్వాన్ని తిరస్కరించారు, రెండోసారి 52.2 శాతం వద్దన్నారు. అదే 1994 జనవరి 1న ఐరోపా ఆర్థిక ప్రాంత ఒప్పందం అమలులోకి వచ్చింది. ఆ దేశ ప్రభుత్వం నియమించిన కమిటీ 2012లో ఇచ్చిన నివేదిక, ఈయూ చట్టాల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు నార్వేలో అమలవుతున్నాయని లెక్క తేల్చింది. ఆ చట్టాలు చేసే మంత్రుల మండలిలోనూ పార్లమెంటులోనూ నార్వేకు చోటు లేదు. నిపుణుల బృందాల్లో అభిప్రాయం చెప్పుకోవచ్చు. కొత్త చట్టాన్ని నిరాకరించే హక్కు కాగితం మీద ఉంది. 2011లో తపాలా సేవల మీద వచ్చిన ఆదేశాన్ని నిరాకరిస్తామని అప్పటి ప్రభుత్వం చెప్పింది. 2013లో ప్రభుత్వం మారగానే ఆ మాట వెనక్కి పోయింది. నిరాకరిస్తే ఒప్పందంలో ఆ చట్టానికి సంబంధించిన భాగాన్ని ఈయూ నిలిపివేయవచ్చు కాబట్టి, ఆ హక్కు గోడకు తగిలించిన కత్తిలా ఉంటుంది.

డబ్బు కూడా ఉంది. 2014 నుంచి 2021 వరకు గల కాలానికి నార్వే, ఐస్‌లాండ్, లీష్టెన్‌స్టైన్ కలిసి ఐరోపాలోని పేద సభ్య దేశాలకు 280 కోట్ల యూరోల నిధులు కేటాయించాయి. అందులో సింహభాగం నార్వేదే.

అయితే నార్వేకు ఏమీ మిగలలేదనుకుంటే పొరపాటు. వ్యవసాయం, చేపల వేట, కస్టమ్స్ ఆ ఒప్పందం బయట ఉన్నాయి. తన సముద్రం తన చేతిలోనే ఉంది. దాని ధర మాత్రం సాల్మన్ చేప దగ్గర కనిపిస్తుంది. నార్వే నుంచి తాజా సాల్మన్‌ను ముక్కలు చేయకుండా పంపితే ఈయూలో సుంకం 2 శాతం. పొగబెట్టి పంపితే 13 శాతం. నార్వే చేపను పొగబెట్టి డబ్బాల్లో పెట్టే పని పెద్ద ఎత్తున పోలండ్‌లో జరగడానికి అక్కడి తక్కువ కూలీతో పాటు ఈ సుంకమూ ఒక కారణం. చేపల మీద హక్కు నార్వేకు దక్కింది, చేపను తయారుచేసే ఉద్యోగాల్లో ఒక భాగం సముద్రం దాటిపోయింది.

ఏది దేనికి ముడిపడి ఉందో వెతకండి

ఒక సౌకర్యం ఒక్కటే తీసుకుని మిగతావి వదిలేయడం కుదురుతుందా అన్నది ఒప్పందంలోని ముడుల మీద ఆధారపడి ఉంటుంది. 1992 డిసెంబరు 6న స్విట్జర్లాండ్ ప్రజలు 50.3 శాతం మెజారిటీతో ఐరోపా ఆర్థిక ప్రాంతాన్ని తిరస్కరించాక, ఆ దేశం ఈయూతో విడివిడిగా ఒప్పందాలు కుదుర్చుకుంటూ పోయింది. 1999లో సంతకాలై 2002 జూన్‌లో అమలైన మొదటి ఏడు ఒప్పందాల్లో మనుషుల సంచారం, విమానయానం, రోడ్డు రవాణా, వ్యవసాయం వంటివి ఉన్నాయి. కోరుకున్నవే ఏరుకున్నట్టు పైకి కనిపిస్తుంది. అందులో ఒక నిబంధన మాత్రం ఏడింటినీ కట్టిపడేసింది: ఒకటి రద్దయితే ఆరు నెలల్లో మిగతావన్నీ రద్దవుతాయి. తల నరికే యంత్రం పేరు మీద స్విస్ పత్రికలు దాన్ని గిలెటిన్ నిబంధన అంటాయి.

2014 ఫిబ్రవరి 9న వలసలపై పరిమితి విధించాలన్న ప్రతిపాదన 50.3 శాతం ఓట్లతో నెగ్గింది. దాంతో అంతకుముందు ఏడాది సమాఖ్యలో చేరిన క్రొయేషియాకు స్వేచ్ఛా సంచారాన్ని విస్తరించే పత్రంపై స్విట్జర్లాండ్ సంతకం చేయలేకపోయింది. ఈయూ తన పరిశోధన నిధుల కార్యక్రమం హొరైజన్, విద్యార్థుల కార్యక్రమం ఎరాస్మస్‌లపై చర్చలు ఆపివేసింది. వలసలకు, విశ్వవిద్యాలయ ప్రయోగశాలలకు నేరుగా సంబంధం లేకపోయినా, నొప్పి తెలిసేది అక్కడే. 2016 డిసెంబరులో స్విస్ పార్లమెంటు కోటాలు పెట్టకుండా, నిరుద్యోగం ఎక్కువగా ఉన్న వృత్తుల్లో ఖాళీలను ముందు ఉపాధి కార్యాలయాలకు తెలియజేయాలన్న మెత్తని చట్టంతో సరిపెట్టింది. 2017లో హొరైజన్‌లో పూర్తి భాగస్వామ్యం తిరిగి దక్కింది. 2020లో స్వేచ్ఛా సంచారాన్నే ముగించాలన్న ప్రతిపాదన ప్రజల ముందుకు వచ్చినప్పుడు 61.7 శాతం వద్దన్నారు.

2021 మే 26న స్విస్ ప్రభుత్వం సమగ్ర ఒప్పందం మీద చర్చలు ముగించుకున్న రోజునే, వైద్య పరికరాలకు పరస్పర గుర్తింపు నిలిచిపోయింది. అక్కడి తయారీదారులు ఈయూలో అధీకృత ప్రతినిధిని పెట్టుకుని, లేబుళ్లు మార్చుకోవలసి వచ్చింది. ఒప్పందాన్ని ఎవరూ రద్దు చేయలేదు, దాన్ని కొత్త చట్టానికి తగినట్టు ఈయూ నవీకరించలేదు, అంతే. కాబట్టి రద్దు నిబంధన ఒక్కటే చూసి ఊరుకోకూడదు. ఒప్పందం పాతబడితే ఏమవుతుందో కూడా అడగాలి. 2024 డిసెంబరులో ముగిసిన కొత్త చర్చల్లో, మారే నియమాలను ఎప్పటికప్పుడు స్వీకరించడానికీ, వివాదాలు మధ్యవర్తిత్వ మండలికి వెళ్లినా ఈయూ చట్టం అర్థాన్ని లక్సెంబర్గ్ న్యాయస్థానమే చెప్పడానికీ, క్రమం తప్పని చెల్లింపుకూ స్విట్జర్లాండ్ తలూపింది.

టర్కీ విషయం క్లుప్తంగా చెప్పవచ్చు, కానీ వదలకూడదు. 1996 నుంచి అది ఈయూతో పారిశ్రామిక సరుకుల కస్టమ్స్ యూనియన్‌లో ఉంది. బయటి దేశాలపై ఈయూ సుంకాలనే అమలు చేస్తుంది. ఈయూ మరో దేశంతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం చేసుకుంటే ఆ దేశపు సరుకు ఈయూ మీదుగా టర్కీలోకి సుంకం లేకుండా రాగలదు, టర్కీ సరుకుకు మాత్రం ఆ దేశంలో ఆ వెసులుబాటు దానంతటదే రాదు. ఆ బేరం జరిగిన గదిలో టర్కీకి కుర్చీ లేదు.

లోపలివాళ్లనూ ఇదే త్రాసులో తూచండి

ఈ కోరిక బయటివారిదే అనుకోవడం తప్పని డెన్మార్క్ చూపిస్తుంది. 1992లో, ఐరోపా సమాఖ్యను ఏర్పరచిన మాస్ట్రిక్ట్ ఒప్పందాన్ని డెన్మార్క్ ప్రజలు తిరస్కరించాక, యూరో, రక్షణ, న్యాయ-హోం వ్యవహారాలు మొదలైన వాటిలో మినహాయింపులు ఇచ్చి, 1993లో మళ్లీ ఓటు పెట్టి ఒప్పించారు. 2015 డిసెంబరులో న్యాయ-హోం మినహాయింపును సడలించాలా అన్న ప్రశ్నకు 53.1 శాతం వద్దన్నారు. ఐరోపా పోలీసు సంస్థ యూరోపోల్ కొత్త చట్టం కిందికి మారుతున్నందున, డెన్మార్క్ 2017 మేలో దాని బయటికి వెళ్లక తప్పలేదు.

నేరస్తుల సమాచారం మాత్రం కావాలి కదా. ప్రత్యేక ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం డెన్మార్క్ పోలీసులు యూరోపోల్ డేటాబేస్‌లో తామే వెతకలేరు; డేనిష్ భాష తెలిసిన యూరోపోల్ సిబ్బంది వారి తరఫున రాత్రింబవళ్లు వెతికి పెడతారు. పాలకమండలిలో పరిశీలకుడి స్థానమే, ఓటు లేదు. దేశాల మధ్య సరిహద్దు తనిఖీలు లేని షెంజెన్ ప్రాంతంలో కొనసాగాలి, ఐరోపా న్యాయస్థానం అధికారాన్ని ఒప్పుకోవాలి. సభ్య దేశం అయివుండి కూడా ఒక విషయంలో బయటివాడి స్థానానికి చేరడం ఎలా ఉంటుందో ఇంత దగ్గరగా చూపే ఉదాహరణ మరొకటి దొరకదు.

బ్రిటన్ సంగతి ఇక్కడే చెప్పాలి. 1984లో అప్పటి ప్రధాని మార్గరెట్ థాచర్ సాధించిన బడ్జెట్ రాయితీ, యూరో నుంచి మినహాయింపు, షెంజెన్ నుంచి మినహాయింపు, వీటితో పాటు పూర్తి ఓటు హక్కు, ఇవన్నీ 2020 జనవరి 31 వరకు దాని చేతిలో ఉన్నాయి. బాధ్యతలు తగ్గించుకుని ప్రయోజనాలు ఉంచుకోవడంలో ఐరోపాలో ఎవరికీ దక్కనంత దానికి లోపల ఉన్నప్పుడే దక్కింది.

మనకు తగిలే చోట

ఈ వ్యవహారం హైదరాబాద్ మందుల పరిశ్రమను నేరుగా తాకింది. ఈయూ బయటి నుంచి దిగుమతి అయ్యే మందుల ప్రతి బ్యాచ్‌నూ ఈయూలోని అర్హతగల నిపుణుడు ధ్రువీకరించాలి. బ్రిటన్ లోపల ఉన్నంతకాలం ఆ ధ్రువీకరణ లండన్ శివార్లలో జరిగినా ఐరోపా అంతటా చెల్లేది. 2021 నుంచి బ్రిటన్‌లో చేసిన సంతకం ఈయూలో చెల్లదు. ఒకే గుమ్మం గుండా రెండు మార్కెట్లకు సరుకు పంపిన కంపెనీలు రెండు గుమ్మాలు ఏర్పాటు చేసుకోవలసి వచ్చింది. ఐరోపా మందుల సంస్థ కార్యాలయమే 2019లో లండన్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు తరలిపోయింది. ఎగుమతి చేసేవారు ఇలాంటి ఒప్పందం వార్త చూసినప్పుడు సుంకాల పట్టిక కంటే ముందు 'పరస్పర గుర్తింపు' అధ్యాయం ఉన్నదా, అందులో తమ సరుకు ఉన్నదా అని చూసుకోవాలి.

చివరిగా, ఒప్పంద పత్రం చేతికి వచ్చినప్పుడు

ఇటువంటి పత్రాలు వందల పేజీలు ఉంటాయి కాబట్టి, మొదటి నుంచి చదవడం మొదలుపెడితే చేపల జాతుల పట్టికల దగ్గరే ఓపిక చచ్చిపోతుంది. వివాదాలు ఎవరు తీరుస్తారన్న అధ్యాయం ముందు తెరవండి. అక్కడ 'ఈయూ చట్టం అర్థం' అన్న మాట కనిపిస్తే లక్సెంబర్గ్ ఎక్కడో ఒకచోట ఉంటుంది. తరువాత చెల్లింపుల భాగం, తరువాత నియమాలు మారినప్పుడు ఏం చేయాలన్న భాగం చూడండి. 2025 మే 19న లండన్‌లో జరిగిన బ్రిటన్-ఈయూ శిఖరాగ్ర సమావేశంలో ఆహార, వ్యవసాయ ఉత్పత్తుల తనిఖీలు తగ్గించడానికి ఉమ్మడి అవగాహన కుదిరినప్పుడు, మారే ఈయూ నియమాలను బ్రిటన్ అనుసరించడం, అందుకయ్యే ఖర్చులో వాటా భరించడం, చట్టం అర్థం విషయంలో ఐరోపా న్యాయస్థానాన్నే తుది ప్రమాణంగా ఒప్పుకోవడం, మూడూ అందులో చేరాయి. అదే సమావేశంలో చేపల వేట ఏర్పాటు 2038 వరకు పొడిగించబడింది. పత్రికలు ఈ రెండింటిలో దేన్ని శీర్షికలో పెట్టాయో చూస్తే ఆ పత్రిక ఎవరి పక్షమో తెలిసిపోతుంది, అది వేరే విషయం.

ఆఖరున రద్దు నిబంధన చదవండి. ఐరోపా ఆర్థిక ప్రాంతం నుంచి వైదొలగాలంటే పన్నెండు నెలల ముందు నోటీసు చాలు. బ్రిటన్ వాణిజ్య, సహకార ఒప్పందాన్ని కూడా ఏ పక్షమైనా దాదాపు ఏడాది వ్యవధితో ముగించవచ్చు, పైగా అయిదేళ్లకోసారి దాని అమలును సమీక్షించాలి. అంత తేలికగా విడిపోగల ఒప్పందంలో దక్కిన ప్రయోజనాన్ని శాశ్వత హక్కుగా మీ నోట్సులో రాసుకోకండి. పక్కన నోటీసు గడువు కూడా రాసుకోండి.